అవకరం ఉన్న అక్వేరియం చేపను చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నా ట్యాంకుల్లో ఇప్పుడున్న చేపల్లో మూడింటికి ఏదో ఒక అవకరం ఉంది. ఒక గప్పీకి పుట్టుకతోనే నడుము వంకర. ఒక గోల్డ్ ఫిష్‌కి ఎడమ కన్ను లేదు. ఒక ఫైటర్ చేపకు (బెట్టా) వయసు మీదపడి గూని వచ్చింది. ఇంట్లో ఇలాంటి చేప ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మందుల గురించి తక్కువే ఉంటుంది, ఎందుకంటే చాలా అవకరాలకు మందు లేదు. చేపను సరిచేయలేం కాబట్టి దానికి తగ్గట్టు ట్యాంకును సరిచేయాలి. మన పని ఎక్కువగా అదే.

మా చేప వంకరగా ఉంది. దానికి నొప్పిగా ఉంటుందా?

చేపలకు నొప్పి తెలియదనే మాట తప్పు. ట్రౌట్ చేపల ముఖంలో నొప్పిని పసిగట్టే నరాల చివర్లు ఉన్నాయని 2003లోనే తేలింది. అయితే వంకరగా ఉండటం వేరు, నొప్పితో ఉండటం వేరు. పుట్టుకతో వంకర ఉన్న చేపకు ఆ ఒళ్లే తెలుసు, దానితోనే ఈదడం నేర్చుకుంది. దెబ్బ తగిలిన చేప, జబ్బుతో వంగిపోతున్న చేప అలా కాదు.

ఆకారం చూసి తీర్పు చెప్పకండి. నేను నాలుగు విషయాలు చూస్తాను. తిండికి వస్తోందా? మొప్పలు ఆయాసపడకుండా కదులుతున్నాయా? వెళ్లాలనుకున్న చోటికి, ఎంత మెల్లగానైనా, చేరుతోందా? మిగతా చేపలు దాన్ని ప్రశాంతంగా ఉండనిస్తున్నాయా? ఈ నాలుగూ బాగుంటే అది బాగున్నట్టే. రెక్కలు ఒంటికి అతుక్కుపోయినట్టు ముడుచుకోవడం, రంగు వెలిసిపోవడం, రోజంతా ఒకే మూల ఉండిపోవడం, తిండి వేసినా కదలకపోవడం కనిపిస్తే మాత్రం అది ఇబ్బంది పడుతోందని అర్థం.

పుట్టుకతో వచ్చిన వంకరా, తర్వాత వచ్చిందా? తేడా ఎలా తెలుస్తుంది?

ఫోన్‌తో తెలుస్తుంది. వారానికి ఒకసారి, ఒకే రోజున, పై నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒక ఫొటో తీయండి. రోజూ చూసే కళ్లకు మెల్లగా వచ్చే మార్పు కనిపించదు. నాలుగు వారాల ఫొటోలు పక్కపక్కన పెడితే దాచుకునే వీలుండదు. నా ఫైటర్‌కి గూని వస్తోందని నాకు తెలిసింది అలాగే.

నెలలు గడిచినా అదే వంకర, ఏమీ మారలేదంటే బహుశా పుట్టుకతో వచ్చింది. గప్పీల్లో ఇది మామూలే, వంశపారంపర్యంగా నడుము వంగే లక్షణం వాటిలో ఉంది. దగ్గరి రక్తసంబంధం ఉన్న చేపలనే తరతరాలుగా జతకట్టిస్తే ఇలాంటివి పెరుగుతాయి. గుడ్లు పెట్టే జాతుల్లో గుడ్లు పొదిగే రోజుల్లో నీళ్ల వేడి హద్దు దాటినా పిల్లలకు వెన్నెముక సరిగా ఏర్పడదు.

మెల్లగా, వారాలు నెలల మీద వంగుతోందంటే మూడు అనుమానాలు. మొదటిది వయసు. గప్పీకి రెండేళ్లు, ఫైటర్‌కి మూడేళ్లు దాటాక వీపు వంగడం తరచుగా చూస్తాం. రెండోది తిండి. చాలా చేపలు మనలాగే విటమిన్ సిని ఒంట్లో తయారు చేసుకోలేవు, అది తిండిలోంచే రావాలి. ఆ విటమిన్ లేకపోతే ఎముకకు, మృదులాస్థికి బలమిచ్చే కొల్లాజెన్ సరిగా ఏర్పడక పెరిగే వయసు చేపలకు వెన్ను వంగుతుంది, మొప్ప మూతలు పొట్టిగా అవుతాయి. డబ్బా తెరిచాక తిండిలోని విటమిన్ సి గాలికి, వేడికి, తేమకు తగ్గిపోతూ ఉంటుంది. అందుకే ఏడాది సరిపడే పెద్ద డబ్బా కొనడం నాకు ఇష్టం లేదు. చిన్నది కొని, మూత గట్టిగా పెట్టి, మూడు నాలుగు నెలల్లో ఖర్చు చేసేయడం మేలు. మూడోది చేపల టీబీ. దాని గురించి కింద విడిగా రాశాను.

రాత్రికి రాత్రే వంగిపోతే అది చాలావరకు దెబ్బ. ట్యాంక్ నుంచి ఎగిరిపడి ఉండొచ్చు, వలలో ఇరుక్కుని ఉండొచ్చు, రాళ్ల మధ్య నలిగి ఉండొచ్చు. నీళ్లలో కరెంటు లీకైనా కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని వెన్ను విరుగుతుంది. అలా అనిపిస్తే నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేసి, హీటర్ గాజు పగిలిందేమో చూడండి. ఇది చేప కోసం మాత్రమే కాదు, మీ ప్రాణం కోసం కూడా.

చేపల టీబీ అంటే ఏమిటి? మాకు అంటుకుంటుందా?

మైకోబ్యాక్టీరియం జాతి సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బు ఇది. చేప తింటూనే చిక్కిపోతుంది, పొట్ట లోపలికి పోతుంది, వెన్ను వంగుతుంది, కొన్నిసార్లు ఒంటి మీద మానని పుళ్లు పడతాయి. ఒకే ట్యాంకులో కొన్ని నెలల్లో ఒకదాని తర్వాత ఒకటి ఇలా అవుతుంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. ఖాయంగా చెప్పాలంటే చనిపోయిన చేపను ల్యాబ్‌లో పరీక్షించాలి. ఇంట్లో నమ్మకంగా నయం చేసే మందు లేదు.

మనుషులకు ఊపిరితిత్తుల్లో వచ్చే టీబీ, ఇది ఒకటి కాదు. ఇది గాలిలో రాదు. కానీ చేతి మీద గాటో, గీతో ఉండి ఆ నీళ్లలో పెడితే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ చర్మంలోకి చేరగలదు. కొన్ని వారాల తర్వాత వేలి మీదో, చేతి మీదో ఎర్రటి గడ్డ వస్తుంది, మెల్లగా పైకి పాకవచ్చు. అలాంటిది కనిపిస్తే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఇంట్లో అక్వేరియం ఉందని మీరే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టర్‌కి ఆ వైపు ఆలోచన రాకపోవచ్చు, దానికి మందులు నెలల తరబడి వాడాల్సి ఉంటుంది.

భయపడి ట్యాంక్ తీసేయనక్కర్లేదు. మోచేతి దాకా వచ్చే గ్లోవ్స్ వాడండి. నీళ్లు మార్చేటప్పుడు పైపును నోటితో పీల్చే అలవాటు ఈరోజే మానేయండి. అనుమానం ఉన్న ట్యాంక్ వల, పైపు, స్పాంజ్ మరో ట్యాంకులో పెట్టకండి. వలలు, పటకార్లను 70 శాతం ఆల్కహాల్‌తో తడిపి బాగా ఆరనివ్వాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఆ నీళ్లు వాళ్లు ముట్టుకోకూడదు.

నడుము వంకర చేపకు ట్యాంక్ ఎలా మార్చాలి?

ముందు నీళ్ల వేగం చూడండి. తిన్నగా ఉన్న చేపకు హాయిగా అనిపించే ప్రవాహం వంకర చేపకు రోజంతా ఎదురీతే. ఫిల్టర్ నుంచి నీళ్లు పడే చోట చేప కొట్టుకుపోతుంటే, ఆ నీటిని గోడ వైపు తిప్పండి, లేదా స్పాంజ్ ఫిల్టర్‌కి మారండి. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ నీళ్లను మెల్లగా కదుపుతుంది, బలహీనమైన చేపను లోపలికి లాగేయదు. అవకరం ఉన్న చేపకు ఏదైనా ఒక్క వస్తువు కొనగలిగితే నేను దాన్నే కొంటాను.

తర్వాత లోతు. పైకి వెళ్లి రావడం కష్టంగా ఉన్న చేపకు 15 నుంచి 20 సెంటీమీటర్ల నీళ్లు చాలు. ఫైటర్ విషయంలో ఇది ప్రాణంతో సమానం. దాని తల లోపల గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది, పైకి వచ్చి గాలి మింగకపోతే ఎంత మంచి నీళ్లలోనైనా ఊపిరాడదు. లోతు తగ్గిస్తే నీళ్ల మొత్తం తగ్గుతుందని గుర్తుంచుకోండి. అందుకే ఎత్తైన ట్యాంకును సగానికి నింపడం కన్నా పొడవైన, వెడల్పైన ట్యాంక్ మంచిది.

మధ్యలో ఆగి సేదతీరే చోట్లు ఉండాలి. పైకి దగ్గరగా వెడల్పాటి ఆకు ఒకటి, సగం ఎత్తులో ఇంకొకటి. అనూబియాస్ మొక్కను చెక్క ముక్కకు దారంతో కడితే ఆ పని చేస్తుంది, తక్కువ వెలుతురులోనూ బతుకుతుంది. గట్టి ప్లాస్టిక్ మొక్కలు, పదునైన రాళ్లు, చేప దూరి ఇరుక్కునే బొమ్మ ఇళ్లు తీసేయండి. ప్లాస్టిక్ మొక్క మీద పాత నైలాన్ బట్ట లాగి చూడండి, దారం లేస్తే అది చేప రెక్కనూ చింపుతుంది.

నీళ్ల గురించి కొత్త విషయం ఏమీ లేదు, కానీ ఇక్కడ రాజీ కుదరదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) దగ్గర. బలమైన చేప ఒకటి రెండు రోజులు తట్టుకునే తేడాను ఇది తట్టుకోలేకపోవచ్చు. ఒకేసారి సగం నీళ్లు మార్చే బదులు వారానికి రెండుసార్లు 15, 20 శాతం మార్చండి. కొత్త నీళ్ల వేడి పాత నీళ్లతో సమానంగా ఉండాలి, క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి. కొత్త ట్యాంకులో మేలు చేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి, వేరే ట్యాంకుకి మార్చేటప్పుడు పాత ట్యాంకులో నడిచిన స్పాంజ్‌ను వెంట తీసుకెళ్లండి.

వెన్ను వంగిన చేపకు లోపల పేగులకూ చోటు తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బుతుంది. చిటికెడు చొప్పున రోజుకు రెండు మూడు సార్లు పెట్టండి.

పట్టుకోవాల్సి వస్తే వల వద్దు. గిన్నెనో, ప్లాస్టిక్ కప్పునో నీళ్లలో ముంచి, చేపను నీళ్లతో సహా తీయండి.

మా గోల్డ్ ఫిష్ తలకిందులుగా తేలుతోంది. బఠాణీ పెట్టమంటున్నారు. పనిచేస్తుందా?

కొన్నిసార్లు పనిచేస్తుంది. అదొక్కటే వైద్యం అనుకుని నెలలు గడపడం మాత్రం చేపకు అన్యాయం.

గుండ్రటి ఒళ్లున్న ఒరాండా, ర్యూకిన్, రాంచు లాంటి గోల్డ్ ఫిష్‌లకు పొడవు తక్కువ, పొట్ట ఎక్కువ. చేపను నీళ్లలో నిలకడగా తేల్చి ఉంచే గాలి తిత్తి ఒంట్లో ఉండాల్సిన చోటు ఇరుకైపోయింది. పేగులు ఉబ్బినా, కొవ్వు పెరిగినా, గుడ్లు నిండినా తిత్తి నొక్కుకుపోయి చేప పక్కకు ఒరుగుతుంది. తిండి ఎక్కువై వచ్చిన ఇబ్బంది అయితే రెండు రోజులు పస్తు ఉంచి, తర్వాత తొక్క తీసి మెత్తగా ఉడికించిన బఠాణీ ముక్క, లేదా డాఫ్నియా (చిన్న నీటి పురుగులు) పెడితే తేలికపడుతుంది. ఆ తర్వాత నీటిపై తేలే తిండి మాని, మునిగే పెల్లెట్లను ట్యాంక్ నీళ్లలో కాసేపు నానబెట్టి వేయండి. నైట్రేట్ కూడా కొలవండి. మురికి నీళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది.

వారం పది రోజుల్లో మార్పు లేకపోతే బఠాణీ ఆపేసి ఎక్స్‌రే గురించి ఆలోచించండి. చేపలను చూసే పశువైద్యుడు దొరికితే, తిత్తి ఎక్కడుంది, నీరు చేరిందా, గడ్డ ఏమైనా ఉందా అన్నది ఒక్క ఎక్స్‌రేలో చాలావరకు తెలుస్తుంది. ఊహించి యాంటీబయాటిక్స్ పోయడం కన్నా అది నయం.

శాశ్వతంగా తేలిపోయే చేపతో ఒక పెద్ద ప్రమాదం ఉంది, చాలామంది గమనించరు. నీళ్ల పైకి వచ్చిన పొట్ట భాగం గాలికి ఆరిపోయి, ఎర్రబడి, పుండవుతుంది. మెత్తటి వలను ట్యాంకులో నీటి మట్టానికి రెండు సెంటీమీటర్ల కింద అడ్డంగా కట్టి చేపను దాని కింద ఉంచితే ఒళ్లు తడిగా ఉంటుంది. వల బిగుతుగా ఉండాలి, చేప చిక్కుకునేలా వదులుగా ఉండకూడదు.

అడుగున పడి ఉండే చేపకు దీనికి తిరగబడిన పద్ధతి. నీళ్లు తక్కువ, అడుగున రాళ్లు లేకుండా నున్నటి గాజు, రోజూ కింద చేరిన చెత్త తీసేయడం. పొట్ట రాసుకునే చోట పుండు పడుతోందేమో రెండు రోజులకోసారి చూడాలి. తిండి దాని నోటి దగ్గరికే పటకారుతో తీసుకెళ్లాలి. మొదటి మూడు నాలుగు రోజులు బెదురుతుంది, తర్వాత పటకారు కనిపించగానే కళ్లు తిప్పుతుంది. ఆ చూపు కోసమే ఇంత ఓపికా అనిపిస్తుంది నాకు.

చేపకు తేలే బెండు ముక్కలు కట్టి నిలబెట్టిన వీడియోలు చూశాను. నేనూ చేయవచ్చా?

మీ అంతట మీరు చేయవద్దు. చేప ఒంటి మీది జిగురు పొరే దానికి మొదటి కవచం. పట్టీ రాసుకున్న చోట ఆ పొర పోయి, పొలుసులు ఊడి, ఇన్ఫెక్షన్ వస్తుంది. వీడియో రెండు నిమిషాలు ఉంటుంది, పట్టీ ఇరవై నాలుగు గంటలు ఉంటుంది. చేపలను చూసే వైద్యుడు కొలత తీసి చేసిస్తే, మీరు రోజూ విప్పి ఒళ్లు చూడగలిగితే అప్పుడు వేరే సంగతి. అందాకా లోతు తక్కువ నీళ్లు, మెత్తటి వల చాలు.

పిల్ల చేపలు పుట్టినప్పటి నుంచి అడుగున పాకుతున్నాయి. పెద్దయ్యాక ఈదుతాయా?

వీటిని బెల్లీ స్లైడర్స్ అంటారు. ఏంజెల్ ఫిష్, ఫైటర్, కిల్లీ పిల్లల్లో కనిపిస్తుంది. పుట్టిన తొలి రోజుల్లో గాలి తిత్తి నిండాలి, ఆ అవకాశం దాటిపోతే చాలావాటికి ఇక నిండదు. నీళ్ల మీద జిడ్డు పొర ఉంటే పిల్లలు గాలి మింగలేకపోవడం కూడా ఒక కారణం, కాబట్టి తర్వాతి విడత పిల్లలు పుట్టేటప్పుడు పై నీరు శుభ్రంగా ఉంచండి. పాకుతూనే తిని పెరిగేవి కొన్ని ఉంటాయి. వాటిని లోతు తక్కువ పెట్టెలో విడిగా ఉంచండి, వేగంగా ఈదే తోబుట్టువులతో తిండికి పోటీ పడలేవు.

ఒక కన్ను పోయింది. తిండి ఎలా దొరుకుతుంది?

మీరు అనుకున్నదానికన్నా బాగా దొరుకుతుంది. చేపకు ఒంటి పక్కల పొడవునా నీటి కదలికను పట్టే పార్శ్వరేఖ ఉంటుంది, వాసన, రుచి కూడా బలంగా తెలుస్తాయి. మెక్సికో గుహల్లోని టెట్రాలకు అసలు కళ్లే లేవు, అయినా తరతరాలుగా చీకట్లో తిండి వెతుక్కుంటున్నాయి.

కొత్తగా పోయిన కన్ను అయితే మొదటి రెండు మూడు వారాలు శుభ్రమైన నీళ్లే మందు, ఆ గుంట మెల్లగా చర్మంతో మూసుకుంటుంది. తెల్లటి దూది లాంటిది పెరిగితే, చుట్టూ ఎర్రబడితే వైద్యుడిని అడగాలి. కన్ను ఉబ్బి బయటకు వస్తే అది వేరే సమస్య. ఒక్కటే ఉబ్బితే ఎక్కువగా దెబ్బ, రెండూ ఉబ్బితే ఇన్ఫెక్షనో, నీళ్ల లోపమో చూడాలి.

ఆ తర్వాత మూడు అలవాట్లు చేసుకోండి. ట్యాంకులో వస్తువుల చోటు మార్చకండి, గుడ్డి చేప దారిని గుర్తుపెట్టుకుంటుంది. తిండి ఎప్పుడూ ఒకే మూల, ఒకే వేళకు వేయండి. లైటు ఒక్కసారిగా వేయకండి, ముందు గదిలో లైటు వేసి, కాసేపయ్యాక ట్యాంక్ లైటు వేయండి. నా గోల్డ్ ఫిష్‌కి తిండి వేసే ముందు నీళ్ల పైభాగాన్ని చెంచాతో రెండుసార్లు కదుపుతాను. పది రోజుల్లోనే నేర్చుకుంది, ఇప్పుడు చెంచా తగలగానే ఆ మూలకు వచ్చేస్తుంది.

మొప్ప మూత లేకుండా, ఎర్రటి మొప్పలు బయటికి కనిపిస్తున్నాయి. బతుకుతుందా?

ఒక వైపు మాత్రమే అయితే చాలా చేపలు ఏళ్ల తరబడి బతుకుతాయి. మూత నీళ్లను మొప్పల మీదుగా తోసే పంపు లాంటిది, అది పొట్టిగా ఉంటే చేప ఎక్కువ కష్టపడాలి. కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ ఉండాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు గరిష్ఠంగా 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.5కి పడిపోతుంది. ఆ జాతికి సరిపడే వేడిలో తక్కువ వైపు ఉంచండి, ఎయిర్ స్టోన్ రాత్రీపగలూ నడవనివ్వండి, చేపలను కిక్కిరిసి పెట్టకండి. అమ్మోనియా కొద్దిగా ఉన్నా ఈ మొప్పలకు మంటే. పెరిగే వయసులో కొద్దిగా ముడుచుకున్న మూత మంచి తిండి, మంచి నీళ్లతో కొంత సర్దుకోవచ్చు. పెద్ద చేపలో లేని మూత మళ్లీ రాదు.

నోరు సరిగా మూసుకోదు, లేదా పక్కకు తిరిగింది. ఏం పెట్టాలి?

ముందు నోట్లో రాయి ఇరుక్కుందేమో టార్చ్ వేసి చూడండి. గోల్డ్ ఫిష్‌లు గులకరాళ్లు నోట్లో వేసుకుని తిప్పుతాయి, ఒక్కోసారి అడ్డం తిరిగి ఉండిపోతుంది. నోరు హఠాత్తుగా తెరుచుకునే ఉండిపోతే ఇదే మొదటి అనుమానం. అది కాకపోతే, నోటికి సరిపోయే తిండి వెతకాలి. నానబెట్టిన చిన్న పెల్లెట్లు, గడ్డకట్టినది కరగనిచ్చిన బ్రైన్ ష్రింప్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు), జెల్ తిండి మెత్తగా ఉండి పీల్చుకోవడానికి వీలుగా ఉంటాయి. మిగిలినదాన్ని అరగంటలో తీసేయండి, వంకర నోటి చేప సగం తిండి జారవిడుస్తుంది, అదే కుళ్లి అమ్మోనియా అవుతుంది.

రెక్క తెగిపోయింది. మళ్లీ వస్తుందా?

మొదలు మిగిలి ఉంటే వస్తుంది. జీబ్రా ఫిష్ తోక తెగినా రెండు వారాల్లో దాదాపుగా తిరిగి పెరుగుతుంది, మిగతా జాతులకు ఇంకొంత సమయం పట్టవచ్చు. ఒంటి దగ్గరి ఎముకతో సహా పోతే, లేదా పుట్టుకతోనే లేకపోతే రాదు. పక్క రెక్క ఒక్కటి లేని చేప మొదట గుండ్రంగా తిరుగుతుంది, తర్వాత తోకతో సర్దుకుంటుంది. కొత్తగా పెరిగే రెక్క అంచు పారదర్శకంగా, తెల్లగా ఉంటుంది, దాన్ని ఫంగస్ అనుకుని మందు పోయకండి.

విటమిన్లు, కాల్షియం, ఉప్పు వేస్తే వంకర తిన్నగా అవుతుందా?

గట్టిపడిన ఎముక తిన్నగా కాదు. మంచి తిండి వల్ల ఇంకా చెడిపోకుండా ఆగవచ్చు, అంతే. గప్పీ, మోలీలకు ఖనిజాలు లేని మరీ మెత్తటి నీళ్లు పడవు కాబట్టి నీటి కాఠిన్యం కొలవడం మాత్రం మంచిదే. మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఒకటి కాదు, ఒకదాని బదులు ఇంకొకటి వాడకండి.

బబుల్ ఐ, ప్యారట్ ఫిష్, బెలూన్ మోలీ లాంటి వింత ఆకారం కోసమే పెంచిన రకాలవీ అవకరాలేనా?

నా అభిప్రాయం అడిగితే, అవును. వాటిని కొనే వాళ్లను నేను తప్పుపట్టను, చాలామందికి తెలియకుండానే ఇంటికి తెచ్చుకుంటారు. కానీ తెలుసుకోవడం అవసరం. బెలూన్ మోలీ గుండ్రటి ఒళ్లు పొట్టిగా అయిన వెన్నెముక వల్ల వచ్చింది. బ్లడ్ ప్యారట్ సంకరజాతి చేప, చాలావాటికి నోరు పూర్తిగా మూసుకోదు, తిండిని గొంతులోని పళ్లతో నలుపుకోవాలి. బబుల్ ఐకి కళ్ల కింద వేలాడే తిత్తులు దేనికి తగిలినా పగులుతాయి, ఫిల్టర్ పీల్చే చోట ఇరుక్కుంటాయి. సెలెస్టియల్ ఐ కళ్లు ఆకాశం వైపే చూస్తాయి, అడుగున పడిన తిండి దానికి కనిపించదు. గుండె ఆకారంలో ఉందని అమ్మే కొన్ని ప్యారట్ చేపలకైతే తోకను పిల్లగా ఉన్నప్పుడే కోసేస్తారు. ఇది నాకు కోపం తెప్పిస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని భరించడం వేరు, చూడముచ్చటగా ఉంటుందని లోపాన్ని తయారుచేయడం వేరు.

ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే పైన చెప్పినవన్నీ వాటికీ వర్తిస్తాయి. బబుల్ ఐ ట్యాంకులో అలంకారం ఏదీ వద్దు, ఫిల్టర్ నోటికి స్పాంజ్ తొడగండి. కొత్తగా కొనాలనుకుంటే మామూలు ఆకారం ఉన్న చేపను ఎంచుకోమని నా మనవి.

మిగతా చేపలతో కలిపి ఉంచవచ్చా?

తిండి వేసిన ఐదు నిమిషాలు ట్యాంక్ ముందు కూర్చోండి, జవాబు అక్కడే ఉంది. అవకరం ఉన్నది చేరేలోపు తిండి అయిపోతోందా? దాని తోక చివర్లు రోజురోజుకీ తరుగుతున్నాయా? అయితే విడదీయాలి. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా లాంటి రెక్కలు కొరికే చేపలతో అసలు వద్దు. అదే వేడి, అదే నీళ్లు సరిపడే నెమ్మది చేపలతో, నత్తలతో బాగా కుదురుతుంది. ఫైటర్ ఒంటరిగానే హాయిగా ఉంటుంది. గుంపుగా బతికే గప్పీని మాత్రం పూర్తి ఒంటరిని చేయకండి, నెమ్మదిగా ఉండే ఒకటి రెండు తోడు పెట్టండి, లేదా అదే ట్యాంకులో చిల్లుల అడ్డు పెట్టి మిగతావి కనిపించేలా ఉంచండి.

దాని పిల్లలు కూడా అలాగే పుడతాయా?

పుట్టవచ్చు, అందుకే జతకట్టనివ్వకండి. ఆడ గప్పీని ఈరోజు విడదీసినా అంతకు ముందే దాచుకున్న వీర్యంతో కొన్ని నెలల పాటు పిల్లలను పెట్టగలదు. నడుము వంగిన ఆడ చేపకు కాన్పు కూడా కష్టమే. మిగిలిన పిల్లలను చెరువులోనో, కాలువలోనో వదలకండి, అక్కడి చేపలకు జబ్బులు చేరతాయి, గోల్డ్ ఫిష్ లాంటివైతే ఆ నీళ్లనే పాడుచేస్తాయి.

ఎప్పుడు ఇక చాలు అనుకోవాలి?

ఈ ప్రశ్న రాసేవాళ్లు అప్పటికే చాలా రాత్రులు ట్యాంక్ ముందు కూర్చుని ఉంటారని నాకు తెలుసు. పైన చెప్పిన నాలుగు విషయాలకే తిరిగి వెళ్తాను. అన్ని మార్పులూ చేశాక కూడా వారం పాటు తిండి ముట్టకపోతే, ఆయాసం తగ్గకపోతే, పుళ్లు మానకపోతే, తనంతట తాను కదలలేకపోతే దాన్ని ఇంకా అలా ఉంచడం మన కోసమే తప్ప దాని కోసం కాదు. ఒక చెడ్డ రోజు చూసి నిర్ణయించకండి. రోజూ కాగితం మీద మంచి రోజు, చెడ్డ రోజు అని గుర్తు పెట్టండి. చెడ్డవి మంచివాటిని దాటి చాలా రోజులైతే మీకే తెలుస్తుంది.

బాధ లేకుండా దాని ప్రాణం తీయడం, పశువైద్యుడు ఉంటే ఆయన చేతుల మీదుగా జరగడం మంచిది. లేకపోతే ఇంట్లో లవంగ నూనెతో చేయవచ్చు. గిన్నెలో కొలిచి ట్యాంక్ నీళ్లే పోసి చేపను అందులోకి తీసుకోండి. చిన్న సీసాలో అవే నీళ్లు పోసి, గిన్నెలో ఉన్న నీళ్లకు లీటరుకు ఒక చుక్క చొప్పున నూనె వేసి, పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి గిన్నెలో మెల్లగా కలపండి. చేప పక్కకు ఒరిగి, తాకినా కదలనప్పుడు లీటరుకు 0.4 మిల్లీలీటర్ల చొప్పున మళ్లీ అలాగే గిలకొట్టి పోయండి. మొప్పల కదలిక పూర్తిగా ఆగాక కూడా కనీసం అరగంట ఉంచాలి, ఫైటర్ లాంటి గాలి పీల్చే చేపను ఇంకా ఎక్కువసేపు. టాయిలెట్‌లో వేయడం, ఫ్రీజర్‌లో పెట్టడం, బయట పడేయడం వద్దు. అవి మనకు సులువు, చేపకు నరకం.

వారం రోజులు ఊరెళ్లాలి. చేత్తో తినిపించే చేపను ఎవరికి అప్పగించాలి?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్ ఫిష్ మూడు నాలుగు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. చిక్కిపోయిన చేపను, పిల్లను అలా వదలకూడదు. ఆటోమేటిక్ ఫీడర్ తిండిని పైన చల్లి ఊరుకుంటుంది, పటకారుతో తినే చేపకు అది అందదు.

నేనైతే ఒక్కో పూట తిండిని విడివిడి పొట్లాలు కట్టి, తేదీ రాసి, మిగతా డబ్బా దాచేస్తాను. చేపల సంగతి తెలియనివాళ్లు జాలితో రెట్టింపు పెట్టేస్తారు, ఆ వారంలో జరిగే నష్టమంతా దాని వల్లే. వెళ్లడానికి నాలుగు రోజుల ముందే చూసుకునేవాళ్లను పిలిచి, నా ఎదురుగా రెండుసార్లు తినిపించమంటాను. చేప ఆ చేతికి అలవాటు పడాలి, ఆ చెయ్యి కూడా చేపకు అలవాటు పడాలి. రోజూ ఒక ఫొటో పంపమని అడగండి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.